నీళ్లను బట్టి పడిన దారి

మనాలికి పోతామంటిరి కదా అబ్బీ, వీపున సంచులేసుకొని, నాలుగు దినాలు కొండ మీద తీరిగ్గా కూసోని వస్తామని. పోండి, మంచిదే. మా కాలంలో మన ఓర్వకల్లోళ్లకూ అట్లాంటి కొండూరు ఒకటుండె. శ్రీశైలం. మీరు కార్లో పోయి, దర్శనం చేసుకొని, రాత్రికల్లా ఇల్లు చేరే శ్రీశైలం కాదు నేను చెప్పేది. నడిచిపోయిన శ్రీశైలం.

అప్పటికి డ్యాము ఇంకా లేవలేదు. 1963లో నెహ్రూ వచ్చి శంకుస్థాపన చేసి పోయినాడు, పనులు నడుస్తాండె. రోడ్డు ఉన్నా మాయమ్మ మొక్కు నడకదే. దుప్పట్లో ఎండు జొన్నరొట్టెలు, సెనిక్కాయల పొడి, బెల్లం ముక్క, ఒక చెంబు. అంతే మూట. ఆత్మకూరు దాంక ఎద్దులబండి, ఆడ్నించి కాళ్లు.

వెంకటాపురం దాటితే నల్లమల మొదలు. నాగలూటిలో వీరభద్రుని గుడి, కోనేరు. ఆడ ఒక రాత్రి. మర్నాడు పెద్దచెరువు. ఆ తర్వాత మఠంబావి, భీమునికొలను. పేర్లు చూడండి నాయనా: కోనేరు, చెరువు, బావి, కొలను. ఆ దారి ఏసినోళ్లు దగ్గరా దూరమా చూడలేదు, నీళ్లు యాడుంటే ఆడికి తిప్పినారు. కరువు సీమలో పుట్టినోడికి ఆ తెలివి ఎంత గొప్పదో తెలుస్తాది. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య గూడా ఈ దారినే పోయి, దాన్నంతా రాసిపెట్టినాడు.

భీమునికొలను కాడ కష్టం. లోయలోకి దిగల్ల, మళ్లా అంత ఎత్తూ ఎక్కల్ల. ఆ రాతిమెట్లు కొండవీటి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి కట్టించినాడంటారు, ఆరువందల ఏండ్ల పైమాట. మాయమ్మ మెట్టుమెట్టుకూ చెయ్యానించి మొక్కుతాండె. ఎక్కినాక కైలాసద్వారం. ఆడికొచ్చినోళ్లు ఎవురూ వెంటనే లేయరు. కూలబడి, మూటలిప్పి, ఉన్నది నలుగురూ పంచుకొని తింటారు.

చెంచులు లేకుంటే ఆ అడవి దాటేది లేదు. ముసలోళ్లను ఎత్తుకుంటారు, పులి జాడ చెప్తారు. వాళ్లకు శ్రీశైలం మల్లయ్య దేవుడు అల్లుడు, మా చెంచుల ఆడబిడ్డను చేసుకున్నాడంటారు. ఉగాదికొచ్చే కన్నడమోళ్లు మల్లయ్య పక్కనుండే అమ్మవారు భ్రమరాంబ మా ఇంటి ఆడబిడ్డ అని చీర, పసుపుకుంకుమ తెస్తారు. వాళ్లకూ ఆయన అల్లుడే. ఒకే దారిలో రెండు పుట్టిండ్లోళ్లు నడుస్తాంటే ఎవురూ వాదు పెట్టుకునింది నేను చూడలేదు. కన్నడమోళ్లలో కొందరైతే మరగాళ్ల మీద నడిచొస్తాండ్రి. ఎండకు మాడిపోయిన వాళ్లకు దారెంట ఊర్లోళ్లు అంబలి, మజ్జిగ పోస్తాండ్రి, కాళ్లకు నూనె రాస్తాండ్రి. మన పక్క పల్లెల్లో ఇప్పటికీ పోస్తారు, అది చూస్తే నాకు కడుపు నిండుతాది.

పైకి చేరినాక ఎవురికీ తొందర లేదు. మఠాల కాడ, చెట్ల కింద పడుకోవడం, పాతాళగంగకు దిగి మునిగి మెల్లగా ఎక్కడం, రాత్రి భజన. ఇప్పుడు మీరు చూసే నీళ్లు డ్యాం నీళ్లు. అప్పుడు కృష్ణమ్మ ఇంకా లోతున బండల నడుమ పారుతాండె. శివరాత్రి నుంచి ఉగాది దాంకనే ఆ సందడి. తర్వాత ఊరు ఖాళీ, నల్లమల జ్వరానికి భయపడి నిలిచేటోళ్లు తక్కువ. 1981లో డ్యాము పూర్తయినాక మన సంగమేశ్వరం గుడి గూడా మునిగింది. ఎండాకాలం నీళ్లు దిగితేనే ఇప్పుడు దాని దర్శనం.

ఇప్పుడు ఆ నల్లమల పులుల అభయారణ్యం. ఆ దారి పండగ దినాల్లోనే వదుల్తారు, మిగతా దినాల్లో పోనీరు, పోగూడదు గూడా. మన ఊరి గుండ్లు చూడను బయట్నుంచి పిల్లోళ్లు సంచులేసుకొని వస్తాండారు, 2021 నుంచి విమానం గూడా మనూర్నే దిగుతాంది. వాళ్లకు గూడా ఈ దారి చెప్పండి.

మనాలి పోయొచ్చినాక ఉగాదికి ముందు ఆత్మకూరు కాడ దిగండి. సంచి తేలిగ్గా పెట్టుకోండి, రొట్టెలు మీ అవ్వతో కాల్పించుకోండి, ప్లాస్టిక్ కవర్లు తీసుకుపోవద్దు. చెంచాయన ఈడ ఆగుదాం అంటే ఇంకా పొద్దుందని వాదించొద్దు. ముందు నీళ్లు యాడున్నాయో ఆయనకే తెలుసు.