ముందు వచ్చినవాడు పేరయ్య

క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు, అంటే ఆగమన కాలంలో, గుడిలో చదివే పాఠాలను వరసగా చూస్తే ఒక సంగతి తేటగా కనబడుతుంది. లూకా సువార్తలో చక్రవర్తి ఔగుస్తు పేరు, సిరియా అధిపతి కురేనియు పేరు కాలం చెప్పడానికే పనికొస్తాయి. కథ నడిచేది నజరేతు అనే పల్లెలోని ఒక అమ్మాయి వల్ల, రాత్రిపూట మంద కాస్తున్న గొల్లల వల్ల. ఈ సంగతిని ప్రసంగాల్లో మనం సాధారణంగా జాలికథగా వింటాం: దేవుడు పేదలను చూసి కరిగిపోయాడని. నా మటుకు ఆ మాటలో సగమే నిజం ఉంది. గబ్రియేలు దూత ఆ అమ్మాయి మరియ దగ్గరికి దానం పట్టుకొని రాలేదు. చాలా పెద్ద పని అప్పగించడానికి వచ్చాడు. ఆమె ప్రశ్న అడిగింది, జవాబు విన్నది, ఆ తర్వాతే ఒప్పుకుంది. దేవుడు ఎవరినైనా ఎన్నుకున్నాడంటే పని అప్పగించాడనే అర్థం. తెలుగు నేల మీద దీనికి సాక్ష్యం కావాలంటే పందొమ్మిదో శతాబ్దపు ఒంగోలు చరిత్ర తిరగేయాలి.

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో శామ్యూల్ డే రాకతో మొదలైంది, 1840 నుంచి నెల్లూరు కేంద్రంగా నడిచింది. ఏళ్ళ తరబడి ఫలితం వేళ్ళ మీద లెక్కపెట్టేంతే. ఈ మిషనును మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. 1853లో ఆల్బనీ సభలో ఆ చర్చ మళ్ళీ వచ్చింది, చివరికి మూయకూడదని తేలింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ప్రార్థన చేసినవాళ్ళు అయిదుగురు: మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులు, వాళ్ళతోపాటు నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగువాళ్ళు. అయిదుగురిలో ముగ్గురు తెలుగువాళ్ళే అన్నది గుర్తుపెట్టుకోవాలి. ఆ కొండను ప్రార్థన కొండగా చెప్పుకునేటప్పుడు ఎక్కువగా వినబడేది జ్యూయెట్ పేరే.

ఆ తర్వాత పన్నెండేళ్ళకు, 1866లో, ఎర్రగుంట్ల పేరయ్య వచ్చాడు. ఆయన మాదిగ, వృత్తి తోళ్ళ వ్యాపారం. ఆ వ్యాపారం మీద ఉత్తరానికి వెళ్ళినప్పుడు ఏలూరులో ఆంగ్లికన్ మిషనరీ అలెగ్జాండర్ నోట క్రీస్తు మాట విన్నాడు. విన్నవాడు ఊరుకోలేదు. మరింత తెలుసుకోవాలని తనంతట తానే వెతుక్కుంటూ వచ్చి, జ్యూయెట్ చేత బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన భార్య నాగమ్మ కూడా తీసుకుంది. అదే మిషనుకు చెందిన మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది అదే ఏడాది సెప్టెంబరులో. అప్పటికే పేరయ్య తన పల్లెలో, చుట్టుపక్కల పల్లెల్లో బంధువులకు ఈ మాట చెబుతున్నాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో ఏర్పడింది. అదే నెలలో పేరయ్య పిలిస్తే క్లౌ ఆయన ఊరి దగ్గర చింతతోపులో గుడారం వేశాడు. జనం అన్నం మూటలు కట్టుకొని, ఉతికిన బట్టలు కట్టుకొని, పల్లెపల్లె నుంచి వచ్చారు. అక్కడే 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళకు అంతకుముందే సంగతి తెలుసు. దాన్ని చెప్పినవాడు తోళ్ళు మోసుకు తిరిగిన మనిషి.

క్లౌ మనసులో ఉన్న పథకం వేరు. బడి పెట్టి, బ్రాహ్మణ, కోమటి కుటుంబాల పిల్లలకు చదువు చెప్పి, పైనుంచి కిందికి సువార్తను దించాలన్నది ఆ కాలపు మిషనరీలు చాలామంది నమ్మిన దారి. ఒంగోలు పెద్దలు బడికి సాయం చేశారు కూడా. మాదిగలను సంఘంలో చేర్చుకుంటున్నాడని తెలిసేసరికి, వాళ్ళను తీసుకుంటే మా పిల్లలు రారని తేల్చి చెప్పారు. క్లౌ చెప్పుకున్న ప్రకారం, ఏం చేయాలో తోచక ఆయన ఒక గదిలో బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం 26వ వచనం దగ్గర తెరుచుకుంది. వేరే గదిలో ఉన్న ఆయన భార్య హ్యారియెట్‌కూ అదే చోటు తెరుచుకుంది. లోకం చిన్నచూపు చూసేవాళ్ళను దేవుడు ఎన్నుకోవడం గురించి పౌలు రాసిన భాగం అది. ఆ రోజుతో ఆయన పథకం మారిపోయింది. ఇది మిషనరీలు రాసిన కథేగదా, భక్తి కోసం అల్లినదేమో అని అడగవచ్చు. అడగాల్సిందే. ఒంగోలు గురించి మనకు మిగిలిన రాతల్లో ఎక్కువ భాగం క్లౌవి, ఆయన రెండో భార్య ఎమ్మావి. అయితే ఈ కథలో క్లౌ తనను తాను గొప్పగా చూపించుకోలేదు. తాను కోరుకున్నది పైకులాలనేనని, దారి మళ్ళించినవాళ్ళు మాదిగలని ఒప్పుకున్నాడు. తమ ఘనతను తగ్గించే మాట రాసేవాళ్ళను ఆ మేరకు నమ్మవచ్చు. బైబిలు తెరుచుకోవడం ఎలా జరిగినా, తెరవాల్సిన అవసరం కల్పించింది మాత్రం గుమ్మంలో నిలబడ్డ పేరయ్య మనుషులు.

సంఘంలో చేరేవాళ్ళకు క్లౌ మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పనిచేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. ఊళ్ళో మాదిగ బతుకు దేని మీద నిలబడిందో చూస్తే వీటి బరువు తెలుస్తుంది. కపిల బావికి తోలు బాన, రైతు కాలికి చెప్పులు, జాతరలో డప్పు, కబురు చేరవేయడం, పిలిచినప్పుడు వెట్టి. వీటికి ప్రతిఫలం కళ్ళంలో కొలిచే మేర, చచ్చిన పశువు. ఆదివారం పనికి రానన్నా, జాతరకు డప్పు కొట్టనన్నా ఆ మేర ఆగిపోతుంది. దారులు మూసేశారు, కొట్టారు, దొంగతనాలు అంటగట్టారు. ఆ దెబ్బలు తిన్నది ఒంగోలు బంగళాలోని దొర కాదు, పల్లెల్లోని మాదిగలు. నియమం పెట్టినవాడికంటే దాన్ని మోసినవాళ్ళకు ఎక్కువ ధైర్యం కావాల్సి వచ్చింది. జాలికి పాత్రులైనవాళ్ళంటూ వీళ్ళ చరిత్రను రాస్తే ఆ ధైర్యం కంటికి ఆనదు.

ఇక అందరూ ఎత్తే ప్రశ్న: ఇదంతా గంజి కోసం జరగలేదా? 1876–78 ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ అల్లాడిపోయింది. అమెరికాలో సర్వే పని నేర్చుకున్న క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. పని చూసే మేస్త్రీలుగా తన బోధకులనే పెట్టాడు, వాళ్ళు కూడా ఎక్కువమంది మాదిగలే. గంప దించి కూలీలు కాస్త కూర్చున్నప్పుడు, పక్కనే కూర్చొని తమ భాషలో, తమ బతుకు తెలిసిన మాటల్లో మాట్లాడారు. కరువు జనాన్ని అక్కడికి తెచ్చిందన్నది కాదనలేని మాట. కానీ రెండు సంగతులు పక్కన పెట్టడానికి వీల్లేదు. కరువు ముదరకముందే ఒంగోలు సంఘంలో మూడు వేలమందికి పైగా ఉన్నారు. కరువు సాగినన్నాళ్ళూ, కూడు కోసం వస్తారన్న భయంతోనే, క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయ పనులు ముగిశాకే, 1878లో, మళ్ళీ మొదలుపెట్టాడు. జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఏడాది చివరికి మొత్తం బాప్తిస్మాల లెక్క 9,606కు చేరింది. పంచడానికి ఏమీ మిగలని సమయంలో ఇంతమంది రావడాన్ని గంజితో వివరించలేం.

ఆ రోజు నదిలో నిలబడ్డది ఎవరన్నది నాకు లెక్క కంటే ముఖ్యం. క్లౌ నీళ్ళలోకి దిగలేదు. అభిషేకం పొందిన ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున దిగారు. ఆ ఇద్దరూ అలిసిపోతే మరో ఇద్దరు వచ్చారు. ఒడ్డున పేర్లు చదువుతుంటే ఒక్కొక్కరే నడిచి వచ్చారు. పొద్దున మొదలై, ఎండవేళ కాస్త ఆగి, సాయంత్రం దాకా సాగింది. మాదిగపల్లెల నుంచి వచ్చినవాళ్ళు గురువుల స్థానంలో నిలబడి ఆ పని నడిపారు.

దేవుడు గొప్ప కులాల్లోంచి ఎవరినీ ఎన్నుకోలేదా అని అడిగేవాళ్ళున్నారు. ఎన్నుకున్నాడు. మనం పాడుకునే కీర్తనల్లో ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు. పద్దెనిమిదో శతాబ్దంలోనే జెసూట్ గురువుల బోధ విని రెడ్డి కుటుంబాలు కథోలికులయ్యాయి. పౌలు కూడా గొప్పవాళ్ళు ఎక్కువమంది లేరన్నాడేగానీ అసలు లేరనలేదు. మరోవైపు, పేరయ్యను ఖాళీ కుండలా ఊహించుకోవడం కూడా పొరపాటే. ఆయన అప్పటికే వీరమ్మ అనే గురువమ్మ దగ్గర రాజయోగం నేర్చుకున్నవాడు, దేవుడు ఒక్కడేనని నమ్మినవాడు, తానే కొందరికి గురువైనవాడు. మాదిగ కక్కయ్యను, దూదేకుల సిద్దయ్యను శిష్యులుగా చేసుకున్న పోతులూరి వీరబ్రహ్మం సంప్రదాయం తెలిసిన నేల అది. సామాన్యుడు అంటే ఆలోచన లేనివాడని అర్థం కాదు. లోకం లెక్కలోకి తీసుకోనివాడని మాత్రమే.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. దీనులను దేవుడు ఎన్నుకుంటాడని చెబుతూ పోతే, దీనస్థితినే పవిత్రం చేసినట్టు కాదా? చర్చిల్లో అది జరుగుతూనే ఉంది. మాల సంఘం, మాదిగ సంఘం అంటూ వేరువేరుగా నడిచేచోట, పేదరికాన్ని సద్గుణంగా పొగిడి పీఠాల కోసం పోట్లాడుకునేచోట, ఈ బోధ మత్తుమందే అవుతుంది. చట్టం సంగతి చూసినా, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డు కులం హోదా లేదు, ఆంధ్రప్రదేశ్‌లో అతన్ని ఒక్క శాతం రిజర్వేషన్ ఉన్న బీసీ-సీ గ్రూపులో ఉంచారు. పేరయ్య మునిమనవళ్ళ తరానికి ఊరు కులం మరచిపోలేదు, హక్కు మాత్రం తగ్గిపోయింది. ఈ అభ్యంతరానికి జవాబు ఆగమన పాఠాల్లోనే ఉంది: మరియ పాడిన పాట దీనులను దీనులుగానే ఉంచే పాట కాదు. గద్దెలు కదలాలని అడిగే పాట అది.

ఒంగోలులో జ్యూయెట్ పేరున గుడి ఉంది, క్లౌ పేరున ఆసుపత్రి వెలిసింది. వాళ్ళు అందుకు తగినవాళ్ళే. కానీ పల్లెపల్లెకూ మొదటి మాట మోసిన ఆడవాళ్ళ, మగవాళ్ళ పేర్లు ఎక్కువగా ముసలివాళ్ళ నోళ్ళలోనే మిగిలాయి. ఈ ఆగమన కాలంలో పాస్టరుగారు పేరయ్య, నాగమ్మ, జూలియా పేర్లను ప్రసంగంలో చెప్పాలి. మీ ఊళ్ళో మొదట బాప్తిస్మం తీసుకున్నది ఎవరో, వాళ్ళు ఏ పని చేసి బతికారో, ఏ దెబ్బలు తిన్నారో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి సంఘం రిజిస్టరులో రాసిపెట్టండి.