సలాము చేసే చేయి

మర్యాదలు ఆకాశంనుంచి ఊడిపడవు. ఎవరు ఎవరికి ముందు చేయి ఎత్తాలి, ఎంత వంగాలి అన్న నియమాల వెనుక ఆ సమాజంలోని అధికార సంబంధాలు దాగి ఉంటాయి. ఇస్లాంలోని ప్రార్థన, సలాముల చరిత్ర ఇందుకు మంచి నిదర్శనం.

ఏడవ శతాబ్దపు అరేబియాలో ఇస్లాం రూపొందించిన సలాము ప్రధానంగా మాటతో కూడినది. 'మీకు శాంతి కలుగుగాక' అన్నవానికి అంతకంటె మేలైన మాటతోగాని, కనీసం అదే మాటతోగాని బదులు చెప్పాలని ఖురాను నాలుగవ అధ్యాయం ఆదేశిస్తుంది. వాహనమెక్కినవాడే నడిచేవాడికి ముందు సలాము చెప్పాలని హదీసులు చెబుతాయి. మిత్రుడు ఎదురైతే వంగవచ్చునా అని అడిగినవారికి ప్రవక్త వద్దన్నాడనీ, కరచాలనానికి మాత్రం ఒప్పుకున్నాడనీ ఒక హదీసు ఉంది. తాను వచ్చినప్పుడు జనం లేచి నిలబడటం ఆయనకు నచ్చేది కాదని మరొకటి. గుర్రమెక్కినవాడిచేత కాలినడకవాడికి ముందు సలాము చెప్పించడం ఆ కాలానికి చిన్న విషయం కాదు.

ఇక నమాజులో చేతుల స్థానం గురించి శాఖాభేదాలున్నాయి. హనఫీలు నాభి కింద చేతులు కట్టుకుంటారు. షాఫయీలు నాభికి పైన, రొమ్ముకు దిగువన. మాలికీలలో చాలామంది, షియాలు చేతులను పక్కలకు వదిలి నిలుస్తారు. ఈ భేదాలపై శతాబ్దాల తరబడి వాదాలు నడిచాయి. అయినా ఒక విషయంలో అందరిదీ ఒకే మాట: నుదురు నేలకు ఆనించే సజ్దా దేవునికే చెందుతుంది. ఆ వరుసలో ప్రభువు భుజమూ, బంటు భుజమూ ఆనుకొనే ఉండాలి.

మరి ఆ సజ్దా సుల్తానుల సింహాసనం ముందుకు ఎలా వచ్చింది? మతగ్రంథాలలో వెతికితే దీనికి జవాబు దొరకదు. రాజ్యం స్వభావంలో వెతకాలి. ఢిల్లీని 1266 నుంచి ఏలిన బల్బన్ తన దర్బారులో సజ్దానూ, పాదచుంబనాన్నీ ప్రవేశపెట్టాడు. ఇవి పూర్వపు పారశీక చక్రవర్తుల ఆచారాలు. తోటి తురుష్క సర్దారులతో సమానుడిగా ఉన్నంతకాలం సుల్తాను గద్దె నిలవదు. అందుచేతనే వారి వీపులు వంచవలసి వచ్చింది.

అక్బరు కాలానికి ఇది ఒక శాస్త్రమే అయింది. కుడి అరచేతిని నుదుట ఆనించి తల వంచడం కోర్నిష్. కుడిచేతి వెనుకభాగాన్ని నేలకు ఆనించి, మెల్లగా లేచి, అరచేతిని నడినెత్తిన పెట్టుకోవడం తస్లీమ్. ఈ వివరాలు అబుల్ ఫజల్ 'ఐనె అక్బరీ'లో ఉన్నాయి. మన్సబుగాని, జాగీరుగాని, ఏనుగుగాని పొందినప్పుడు మూడు తస్లీములు చేయాలి. జీతం అందుకున్నప్పుడు ఒకటి చాలు! భూమి ఎవరి చేతిలో ఉన్నదో, వారి ముందు ఎన్నిసార్లు వంగాలో లెక్కకట్టి చెప్పిన పద్దు ఇది. సజ్దాను మాత్రం, నరారాధన అన్న విమర్శకు జంకి, అక్బరు బహిరంగ దర్బారులో మాన్పించి ఆంతరంగిక సభకు పరిమితం చేశాడు.

మతపండితుల నిరసన ఆగలేదు. 1619లో జహంగీరు షేక్ అహ్మద్ సర్హిందీని గ్వాలియరు కోటలో బంధించాడు. చక్రవర్తికి సజ్దా చేయనన్నందుకే ఈ శిక్ష అని శిష్యపరంపర చెబుతుంది. జహంగీరు తన జ్ఞాపకాలలో వ్రాసుకున్న కారణం వేరు, షేకు లేఖలలోని అతిశయపు మాటలు, అహంకారం. చివరకు 1628లో గద్దెనెక్కిన షాజహాను సజ్దాను రద్దు చేశాడు. కొంతకాలం నేలను ముద్దాడే ఆచారం నడిచి, తర్వాత నాలుగు తస్లీములు దాని స్థానంలోకి వచ్చాయి.

ఇక్కడ మనం జాగ్రత్తగా చూడవలసింది ఒకటుంది. ఉలేమాలు కాపాడినది దేవుని హక్కును. రైతు వీపును కాదు. సజ్దా పోయింది, జాగీరు పోలేదు. జాగీరు ఉన్నంతకాలం వంగడమూ ఏదో రూపంలో ఉండనే ఉంది.

మొగలు సుబాగా ఉండి 1724 తర్వాత నిజాము రాజ్యంగా మారిన హైదరాబాదు ఈ దర్బారీ మర్యాదలకు వారసురాలైంది. కాని తెలంగాణ పల్లెలో 'బాంచన్ దొరా, కాల్మొక్తా' అనిపించుకున్న దేశ్‌ముఖులలో ఎక్కువమంది హిందువులే. భూమికోసం ఎదురు నిలిచి విసునూరు దేశ్‌ముఖు మనుషుల చేతిలో హతుడైన షేక్ బందగి ముస్లిం రైతు. ఆ దేశ్‌ముఖు గూండాల తుపాకికే 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య బలి అయ్యాడు. వీరిద్దరిని కలిపినది మతం కాదు, భూమి.

కనుక వంగి చేసే సలామును ఒక మతానికి అంటగట్టి నిందించేవారు చరిత్రను తలకిందులుగా చదువుతున్నారు. ఇస్లాం వద్దన్న వంపునే ముస్లిం ప్రభువులు కోరారు. హిందూ ప్రభువులూ అదే కోరారు. మనిషి మనిషికి నిటారుగా నిలబడి సలాము చెప్పాలంటే అతని కాళ్ళకింది నేల అతనిదై ఉండాలి. 1946-51 మధ్య తెలంగాణ రైతాంగం పోరాడి నేర్పిన మర్యాద ఇదే.