విరిగిన వెదురు ఎత్తెంత? 'లీలావతి' లెక్కకు అంచెలంచెల సాధన

బీజగణితం, రేఖాగణితం పాఠశాలలో వేర్వేరు అధ్యాయాలుగా కనిపించినా, రెండూ కలిస్తేనే తేలే లెక్కలు అనేకం. 1150లో భాస్కరాచార్యుడు రచించిన 'లీలావతి'లోని వెదురు లెక్క అందుకు చక్కని ఉదాహరణ.

సమస్య ఇది: సమతలంపై 32 మూరల వెదురు నిలువుగా ఉంది. గాలికి ఒకచోట విరిగి, దాని కొన మొదలుకు 16 మూరల దూరంలో నేలను తాకింది. వెదురు ఎంత ఎత్తులో విరిగింది?

మొదటి అంచె, పటం గీయడం. నిలిచిన ముక్క, నేలపై దూరం, వాలిన ముక్క కలిసి లంబకోణ త్రిభుజం ఏర్పడుతుంది. వాలిన ముక్కే కర్ణం.

రెండవది, తెలియని రాశికి పేరు పెట్టడం. భాస్కరుడు తన 'బీజగణితం'లో అవ్యక్త రాశిని 'యావత్తావత్' అని, సంక్షిప్తంగా 'యా' అని వ్యవహరించాడు. నిలిచిన ముక్క 'యా' అయితే, వాలిన ముక్క 32 − యా.

మూడవది, సమీకరణం రాయడం. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం భుజాల వర్గాల మొత్తం కర్ణం వర్గానికి సమానం:

యా² + 16² = (32 − యా)²

నాల్గవది, విస్తరించడం:

యా² + 256 = 1024 − 64యా + యా²

ఇరువైపులా యా² కొట్టివేస్తే 64యా = 768. అంటే యా = 12 మూరలు.

చివరిది, సరిచూడడం. వాలిన ముక్క 32 − 12 = 20 మూరలు. 144 + 256 = 400; ఇది 20 వర్గం. జవాబు సరైనదే.

విద్యార్థులు తరచూ తడబడేది నాల్గవ అంచెలో. (32 − యా)² ను 1024 − యా² గా రాస్తే మధ్యపదం జారిపోతుంది. అప్పుడు యా² = 384, అంటే యా సుమారు 19.6 అని వస్తుంది. కర్ణానికి మిగిలేది 12.4 మాత్రమే. లంబకోణ త్రిభుజంలో కర్ణమే అన్నింటికన్నా పొడవైన భుజం కనుక ఈ జవాబు అసాధ్యం. పటాన్ని ఒక్కసారి తిరిగి చూస్తే చాలు, పొరపాటు బయటపడుతుంది. జవాబు సరిచూడడం సాధనలో భాగమే తప్ప అదనపు శ్రమ కాదు.

ఇటువంటి గణితం తెలుగువారికి కొత్తది కాదు. 'లీలావతి'కి పూర్వమే, 11వ శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుని 'గణితసార సంగ్రహా'న్ని తెలుగులోకి తెచ్చాడు.