అరవై దాటాక అందిన కాగితం

బిహార్‌లో మధుబని పక్కన జితవార్‌పూర్ అని ఒక పల్లె. అక్కడి జగదంబా దేవి 1901లో పుట్టారు. గీసిన బొమ్మకు డబ్బు చేతికి రావడం మొదలయ్యేసరికి ఆమెకు అరవై దాటాయి. 1975లో పద్మశ్రీ వచ్చింది. మిథిలా చిత్రకళకు దక్కిన మొదటి పద్మశ్రీ అదే.

అంత ఆలస్యంగా విద్య అబ్బిందా అంటే, కాదు. ఆ ప్రాంతమైన మిథిలలో ఆడపిల్లలు చిన్నప్పుడే అమ్మ పక్కన కూర్చుని గీత నేర్చుకుంటారు. పెళ్లింట్లో కొత్త దంపతుల గదిని కోహ్‌బర్ అంటారు. దాని గోడల మీద తామరలు, వెదురు, చేపలు, చిలకలు గీసేది ఇంటి ఆడవాళ్లే. మన ధనుర్మాసపు ముగ్గులాగే దానికీ కూలి లేదు, వేసినామెకు పేరూ లేదు.

1934 జనవరి 15న భూకంపం వచ్చి ఆ గోడలు కూలాయి. నష్టం చూడబోయిన ఆంగ్లేయ అధికారి డబ్ల్యు.జి. ఆర్చర్‌కు ఇళ్ల లోపలి బొమ్మలు కంటపడ్డాయి. ఫొటోలు తీశారు, 1949లో ‘మార్గ్’ పత్రికలో వ్యాసం రాశారు. పండితులు మెచ్చుకున్నారు. గీసినవాళ్లకు మాత్రం ఒరిగిందేమీ లేదు.

వాళ్ల రాత మార్చింది కరువు. 1966-67లో పంటలు పోయినప్పుడు, అఖిల భారత హస్తకళల బోర్డు నుంచి పుపుల్ జయకర్ చిత్రకారుడు భాస్కర్ కులకర్ణిని అక్కడికి పంపారు. గోడ మీద వేసే బొమ్మనే కాగితం మీద వేస్తే కొంటామని ఆయన ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. ముందుకొచ్చిన కొద్దిమందిలో జగదంబా దేవి ఒకరు, యాభై దాటిన సీతా దేవి ఇంకొకరు. మలివయసు వ్యాపకం అని మనం ముచ్చటపడతాం గానీ, వీళ్లు కాగితం అందుకున్నది తిండిగింజల కోసం.

మరో మిథిలా చిత్రకారిణి గంగా దేవి కథ వేరు. 1928లో పుట్టిన ఆమెకు పిల్లలు లేరు. భర్త మరో పెళ్లి చేసుకున్నాడు. నలభైకి చేరువలో బొమ్మలే ఆధారమయ్యాయి. 1984లో పద్మశ్రీ. మరుసటి ఏడు భారతోత్సవానికి అమెరికా వెళ్లి, అక్కడి రోలర్ కోస్టర్‌నూ వాషింగ్టన్ స్తంభాన్నీ అదే సన్నని మిథిలా గీతల్లోకి దించారు. క్యాన్సర్ వస్తే ఆ ఆసుపత్రినీ, ఆ చికిత్సనూ గీశారు. పూర్వం ఏ కోహ్‌బర్ గోడా ఎరగని సంగతులివి. పెళ్లిబొమ్మల గీతతో సొంత బతుకు చెప్పుకోవచ్చని చూపించింది ఆమే అనాలి.

చికిత్స నడుస్తుండగానే ఢిల్లీ క్రాఫ్ట్స్ మ్యూజియంలో ఒక గది నిండా కోహ్‌బర్ వేసి, 1991లో కన్నుమూశారు. 2015లో మరమ్మతుల పేరుతో ఆ గోడలను చెరిపేశారు. పల్లెలో గోడకు సున్నం కొడితే వచ్చే పెళ్లికి మళ్లీ గీసేవాళ్లుంటారు. ఇక్కడ గీసినావిడ పోయి అప్పటికే ఇరవై నాలుగేళ్లు.