మద్రాసు క్షయ అధ్యయనం

క్షయ రోగిని శానటోరియంలో చేర్చాల్సిందేనా, ఇంట్లో ఉంచి మందులిస్తే నయం కాదా? ఈ సంగతి తేల్చడానికి 1956లో మద్రాసులో మొదలైన చికిత్సా పరీక్షకే మద్రాసు అధ్యయనమని పేరు. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్‌కు చెందిన మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి నెలకొల్పిన ట్యూబర్‌కులోసిస్ కీమోథెరపీ సెంటర్ దీన్ని నడిపింది. చేట్‌పట్‌లోని ఈ కేంద్రానికి తొలి డైరెక్టర్ బ్రిటిష్ వైద్యుడు వాలెస్ ఫాక్స్.

ఆ రోజుల్లో టీబీ వైద్యమంటే శానటోరియమే. తెలుగువారికి మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం ఉండేది, మద్రాసువారికి తాంబరం. డాక్టర్ చౌరి ముత్తు 1928లో ప్రారంభించిన తాంబరం శానటోరియం పేరు అక్కడి లోకల్ రైలు స్టేషన్‌కు నేటికీ ఉంది. మంచి గాలి, బలమైన తిండి, నెలల తరబడి విశ్రాంతి: ఇదీ పద్ధతి. దేశంలో రోగులు లక్షల్లో ఉంటే పడకలు వేలల్లోనే ఉండేవి. 1952లో ఐసోనియాజిడ్ వాడుకలోకి వచ్చాక, మందే పని చేస్తున్నప్పుడు మంచం ఎందుకన్న అనుమానం బలపడింది.

కళ్లెలో క్రిములున్న 193 మంది పేద రోగులను లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టు శానటోరియానికి వెళ్లింది, రెండోది ఇంట్లోనే ఉండిపోయింది. రెండు జట్లకూ మందులు ఒక్కటే: ఏడాదిపాటు రోజూ ఐసోనియాజిడ్, పాస్. ఈ పాస్ గ్రాముల లెక్కన మింగాల్సిన మందు, పైగా కడుపులో తిప్పేది. రోగి నిజంగా మింగుతున్నాడా, పారేస్తున్నాడా తెలుసుకోవడానికి సిబ్బంది చెప్పాపెట్టకుండా ఇంటికి వెళ్లి మూత్రం పరీక్షకు తీసుకునేవారు, మిగిలిన మందులు లెక్కపెట్టేవారు.

ఏడాది తిరిగేసరికి శానటోరియం జట్టులో 92 శాతం మందికి, ఇంటి జట్టులో 86 శాతం మందికి రోగం అదుపులోకి వచ్చింది. ఇంటివాళ్లకు తిండి తక్కువ, పని ఎక్కువ, గదులు ఇరుకు. అయినా తేడా అంతే. రోగి ఇంట్లో ఉంటే పిల్లాజెల్లకు అంటుకుంటుందన్న భయం ఒకటి మిగిలింది. కుటుంబ సభ్యులను ఐదేళ్లు గమనించాక అదీ తొలగిపోయింది. 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో తొలి నివేదిక అచ్చయ్యాక శానటోరియంల కాలం ముగింపుకు వచ్చింది. ఎదుట నిలబడి మందు మింగించే డాట్స్ పద్ధతికి కూడా మూలాలు మద్రాసులోనే ఉన్నాయి.

ఘనకార్యమే, సందేహం లేదు. కానీ అదే కేంద్రం చేసిన రెండో పరీక్ష అంత తేలిగ్గా మింగుడుపడదు. పాస్ ఖరీదైనది కాబట్టి కొందరికి ఐసోనియాజిడ్ ఒక్కటే వేర్వేరు మోతాదుల్లో ఇచ్చి చూశారు. ఒంటి మందుతో క్రిములు మొండికెక్కుతాయని బ్రిటన్ పరీక్షల్లో అప్పటికే తేలింది. ఫలితం కూడా అలాగే వచ్చింది, జంట మందులదే పైచేయి. లండన్ రోగికి ఇవ్వని తక్కువ రకం వైద్యాన్ని మద్రాసు రోగి మీద పరీక్షించవచ్చా? చవక మందు దొరికితే లక్షల మంది బతుకుతారన్నది ఒక వాదన. 1997లో ఆఫ్రికా ఎయిడ్స్ పరీక్షల మీద చెలరేగిన వివాదంలోనూ ఇవే మాటలు వినిపించాయి. అయితే దీన్ని రంగు వివక్షగా మాత్రమే చూడలేం. 1948లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ స్ట్రెప్టోమైసిన్ పరీక్షలో పోలిక కోసం ఉంచిన తెల్ల రోగులకూ తాము పరీక్షలో ఉన్న సంగతి చెప్పలేదు. మన వైద్య పరిశోధన మండలి తొలి నైతిక ప్రకటన వెలువడింది 1980లో.

జాతి అన్న మాటను ఈ కేంద్రమే మరో వైపు నుంచి కదిపింది. ఐసోనియాజిడ్‌ను కొందరి శరీరం త్వరగా విరిచేస్తుంది, కొందరిది నెమ్మదిగా. జపానులో త్వరగా విరిచేవాళ్లే అత్యధికం. దక్షిణ భారతంలో సుమారు 60 శాతం మంది నెమ్మది రకం. అంటే మిగిలిన వాళ్లు ఇదే వీధిలో ఉంటూ రెండో రకానికి చెందుతారు. మోతాదు నిర్ణయించేటప్పుడు జాతి పేరు చూసి ఊహించడం కన్నా రోగిని పరీక్షించడం మేలని దీని అర్థం.

ఇలాంటి ప్రశ్నలు విద్యార్థులు చర్చించాల్సినవి. కొన్ని అమెరికా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులంతా ఒకే పుస్తకం చదివి చర్చించే ఆనవాయితీ ఉంది. విస్కాన్సిన్‌-మాడిసన్ 2010-11లో ఎంచుకున్నది రెబెకా స్క్లూట్ రాసిన హెన్రియెట్టా లాక్స్ కథ. ఆ నల్లజాతి స్త్రీ గర్భాశయ ముఖ కణాలను 1951లో బాల్టిమోర్‌లో ఆమెకు చెప్పకుండానే తీసి పరిశోధనలకు వాడారు. మన ఎంబీబీఎస్‌లో 2019 నుంచి నైతికత, సంభాషణ మీద ఏట్‌కామ్ పాఠాలున్నాయి. చెన్నై వైద్య కళాశాలలు ఆ గంటల్లో ఎక్కడో ఉన్న బాల్టిమోర్ కథతో పాటు, తమ ఊరి ఆ రెండు పరీక్షల 1959, 1960 నివేదికలు రెండూ పక్కపక్కన పెట్టి చదివించాలి. వాటిని వెలువరించిన కేంద్రం ఇప్పుడు జాతీయ క్షయ పరిశోధన సంస్థ పేరుతో అదే చేట్‌పట్‌లో పనిచేస్తోంది.