పొలం గట్టు, పశువుల కొట్టం

పంట చేతికి వచ్చిన ప్రతిసారీ భూమి తన సారాన్ని కొంత కోల్పోతుంది. ఆ లోటును పూడ్చే మార్గాన్ని మన పూర్వులు పొలం గట్టు మీదను, పశువుల కొట్టంలోను కనుగొన్నారు. హోసూరు ప్రాంతంలో తరతరాలుగా రాగి పండించిన తెలుగు కుటుంబాలకు గట్టు మీది కానుగ, కొట్టం ప్రక్కనున్న పెంటదిబ్బ చిరపరిచితాలు. కానుగ కొమ్మలు నరికి ఆకును పొలానికి, పుల్లలను పొయ్యికి వినియోగించేవారు.

ఈ ఏర్పాటులోని విజ్ఞతను శాస్త్రజ్ఞులు ఆలస్యంగా గుర్తించారు. భారత వ్యవసాయాన్ని పరిశీలించడానికి 1889లో ఇంగ్లండు నుండి వచ్చిన రసాయన శాస్త్రవేత్త జాన్ అగస్టస్ వోల్కర్, 1893లో వెలువడిన తన నివేదికలో మన రైతును అజ్ఞానిగా నిందించలేదు. వంటచెరకు కరవైన చోట్లనే పేడ పిడకలుగా మారి పొయ్యి పాలవుతున్నదని ఆయన గ్రహించాడు. పేడ కాలితే నత్రజని గాలిలో కలిసిపోతుంది. పొటాష్, భాస్వరం మాత్రం బూడిదలో మిగులుతాయి. అందుచేత వంటచెరకు, పశుగ్రాసాల కొరకు ప్రత్యేకంగా వనాలు పెంచాలని సూచించాడు. అనగా, చెట్టును పెంచితే ఎరువు దక్కుతుందన్నమాట.

1924లో ఇండోరులో వ్యవసాయ పరిశోధన సంస్థను నెలకొల్పిన ఆల్బర్ట్ హోవర్డ్ ఆకు, చెత్త, పేడలను పొరలుగా పేర్చి, నడుమ తిరగవేస్తూ, సుమారు మూడు నెలలలో ఎరువుగా మార్చే పద్ధతిని రూపొందించి 1931లో గ్రంథస్థం చేశాడు.

మరి రైతు ఈ దారిని ఎందుకు విడిచాడు? టన్ను పశువుల ఎరువులో నత్రజని సుమారు 5 కిలోలే; 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 21 కిలోలు. నాలుగు టన్నులు తోలడం కంటె ఒక బస్తా మోయడం సులభం. అయితే ఆ బస్తాలో భాస్వరం లేదు, పొటాష్ లేదు, మట్టిని గుల్లబరచి తేమను నిలిపే సేంద్రియ పదార్థమూ లేదు. కానుగ ఆకులో నత్రజని అధికం, భాస్వరం స్వల్పం. ఆ కొరతను పశువుల ఎరువు కొంత తీరుస్తుంది. రెండూ కలిసినప్పుడే ఫలం.

నేడు గ్యాసు పొయ్యి రాకతో చాలా ఇళ్లలో పేడకు నిప్పు బాధ తప్పింది. కాని ట్రాక్టరు వచ్చి కొట్టాన్ని ఖాళీ చేసింది. గట్టు మీది చెట్లు కూడా తరిగాయి. పిత్రార్జితమైన చేనును నిలుపుకున్న మన పూర్వ విద్యార్థులు గట్టున ఒక వరుస కానుగ నాటి, ఇంట రెండు పశువులను పోషించగలిగితే, బిడ్డలకు పట్టాతో పాటు సారవంతమైన మట్టిని కూడా అప్పగించినవారవుతారు.