నానో: మరుగుజ్జు మాట

నానో కారు, నానో యూరియా. తెలుగువాళ్లకు ఈ మాట ఇలా అలవాటైంది. పుట్టిల్లు మాత్రం గ్రీకు. అక్కడ ‘నానోస్’ అంటే మరుగుజ్జు. 1960లో తూనికలు, కొలతల అంతర్జాతీయ సదస్సు దీనికి ‘వంద కోట్లలో ఒక వంతు’ అనే అర్థాన్ని ఖాయం చేసింది.

మందుల తయారీదారులు ఈ కొలత మీద మోజు పడింది ఊరికే కాదు. నీళ్లలో కరగని మందు మింగినా రక్తంలోకి సరిగా చేరదు. రేణువు అడ్డుకొలత పదో వంతుకు తగ్గితే, అంతే బరువు మందుకు ఉపరితలం పది రెట్లవుతుంది. కరిగే వేగమూ పుంజుకుంటుంది.

మరి అంత మెత్తగా నూరేదెలా? మందుపొడిని నీళ్లలో కలిపి, గట్టి చిన్న పూసలతో పాటు మిల్లులో తిప్పుతారు. రేణువులు కొన్ని వందల నానోమీటర్లకు దిగుతాయి. అసలు తంటా ఆ తర్వాతే! ఇంత సన్నని రేణువులు కుదురుగా ఉండవు, ఒకదాన్నొకటి అంటుకుని మళ్లీ ఉండకడతాయి. అందుకే నూరేటప్పుడే పాలిమర్ పూత పడేలా చూస్తారు. నీళ్లు తీసేయడానికి వేడిగాలిలోకి పిచికారీ చేస్తారు, లేదా గడ్డకట్టించి ఆరబెడతారు. చక్కెర లాంటిది కలిపితే, ఎండిన పొడి నీళ్లు తగలగానే తిరిగి విడివిడి రేణువులవుతుంది. ఉదాహరణకు, ఇలాగే తయారయ్యే, కీమోథెరపీ వాంతులకిచ్చే ఎప్రెపిటెంట్ క్యాప్సూల్లో సుక్రోజ్ అనే చక్కెర ఉంటుంది.

ఈ పద్ధతిలో తయారై అమెరికాలో అనుమతి పొందిన తొలి మందు సిరోలిమస్ మాత్ర, 2000లో. అంతకుముందు కిడ్నీ మార్పిడి రోగులు ఆ మందు ద్రావణాన్ని ఫ్రిజ్‌లో దాచుకుని, నీళ్లలోనో నారింజ రసంలోనో కలిపి తాగాల్సి వచ్చేది. మాత్ర వచ్చాక ఆ బెడద తప్పింది.